మునగాల్సిన నీళ్ళు మునగకపోతే

గ్రీన్‌లాండ్ మంచు ఫలకం 2002 నుంచి సగటున ఏడాదికి సుమారు 27,000 కోట్ల టన్నుల చొప్పున తరిగిపోతోంది. అంకెను ఇలా చెబితే కళ్ళ ముందుకు ఏమీ రాదు. మనకు అలవాటైన కొలతలోకి మారిస్తే దాదాపు 9,500 టీఎంసీలు. నాగార్జున సాగర్ నిండుగా ఉంటే 312 టీఎంసీలు కాబట్టి ఏటా ముప్పై సాగర్లన్నమాట. ఏడాది పొడవునా సమంగా పంచితే, రాత్రీ పగలూ ఆగకుండా 3 లక్షల క్యూసెక్కులు సముద్రంలో కలుస్తున్నట్టు లెక్క.

పెద్ద నీళ్ళే. అయితే అవి చేరే అట్లాంటిక్‌లో కదులుతున్న ప్రవాహం ముందు ఇవి ఏ మూలకూ రావు. దక్షిణం నుంచి ఉత్తరానికి పైపైన వెళ్ళి, అక్కడ మునిగి, అడుగు నుంచి తిరిగి దక్షిణానికి వచ్చే ఆ ప్రవాహం పరిమాణం సెకనుకు సుమారు 1.7 కోట్ల ఘనపు మీటర్లు, అంటే 60 కోట్ల క్యూసెక్కులు. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటి గోదావరులు 170 ఒక్కసారిగా పారితే ఎంతో, ఈ ప్రవాహం రోజూ అంత. ఇది సాగర్‌ను తొమ్మిది నిమిషాల్లోపే నింపేస్తుంది. దాని పక్కన పెడితే గ్రీన్‌లాండ్ నీళ్ళు రెండు వేలల్లో ఒక వంతు మాత్రమే.

మరి అంత చిన్న వాటా ఇంత ప్రవాహాన్ని ఏం చేయగలదు? ఈ విషయం మీద వచ్చే వార్తల్లో ఈ ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ. ‘సముద్ర ప్రవాహం ఆగిపోతుంది, యూరప్ గడ్డకట్టుకుపోతుంది’ అని మొదలుపెట్టి అక్కడే ముగించేస్తారు. అసలు సంగతి నీళ్ళు ఎన్ని అన్నదానిలో లేదు. అవి ఎక్కడ పడుతున్నాయి, వాటిలో ఏం లేదు అన్నదానిలో ఉంది. లేనిది ఉప్పు.

వరి విత్తనాల్లో తాలు తీసేయడానికి రైతులు ఉప్పునీళ్ళు వాడటం ఉంది. మామూలు నీళ్ళలో మునిగే కోడిగుడ్డు, తగినంత ఉప్పు కలిపాక పైకి తేలుతుంది. నీళ్ళు సిద్ధమయ్యాయనడానికి అదే గుర్తు. అందులో విత్తనాలు పోస్తే గట్టి గింజ అడుగుకు పోతుంది, తాలు పైకి వస్తుంది. సముద్రంలోనూ ఇదే తూకం, కాకపోతే అక్కడ తేలేదీ నీళ్ళే, మునిగేదీ నీళ్ళే. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అందువల్ల అది మంచినీళ్ళ కన్నా రెండున్నర శాతం బరువు. కోనసీమలో బోరు వేసుకున్న ఏ ఇంటివాళ్ళకైనా ఇది అనుభవమే. పైన మంచినీళ్ళు, కింద ఉప్పునీళ్ళు ఉంటాయి. మోటారుతో అతిగా తోడితే ఉప్పు పైకెక్కుతుంది.

బరువును నిర్ణయించే రెండో అంశం చల్లదనం. మంచినీళ్ళు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉండి, ఇంకా చల్లబడితే మళ్ళీ తేలికపడతాయి. ఉప్పునీళ్ళు అలా కాదు, సున్నా కన్నా దిగువన దాదాపు 1.9 డిగ్రీల దగ్గర గడ్డకట్టేదాకా బరువెక్కుతూనే ఉంటాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. నీళ్ళు ఎంత చల్లగా ఉంటే, వేడిలో వచ్చే మార్పు వాటి బరువును అంత తక్కువగా కదిలిస్తుంది. ఉష్ణమండలంలో పెత్తనం వేడిది, ధ్రువాల దగ్గర ఉప్పుది. గ్రీన్‌లాండ్ చుట్టూ ఉన్న సముద్రాల్లో కాస్త మంచినీళ్ళు పడినా తూకం ఎందుకు తారుమారవుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

మునక జరిగే చోటు

ఈ ప్రవాహానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ‘అట్లాంటిక్ మెరిడియొనల్ ఓవర్‌టర్నింగ్ సర్క్యులేషన్’. నోరు తిరగదు కాబట్టి వాళ్ళే పొడి అక్షరాలు కలిపి ‘ఏమాక్’ అంటారు. ఉష్ణమండలంలో వేడెక్కి, ఆవిరి పోయి ఉప్పు చిక్కబడిన నీళ్ళు ఉత్తరానికి వెళతాయి. దారిలో వేడిని గాలికి ఇచ్చేస్తాయి. లాబ్రడార్ సముద్రం, ఇర్మింగర్ సముద్రం, ఐస్‌లాండ్‌కు పైనున్న నార్డిక్ సముద్రాలు చేరేసరికి అవి బాగా చల్లబడి ఉంటాయి, ఉప్పు మాత్రం వాటిని విడిచిపోదు. శీతాకాలపు తుపానుగాలులు మిగిలిన వేడిని కూడా లాగేసుకున్నాక అవి అడుగుకు దిగుతాయి. కిలోమీటర్ల లోతున దక్షిణానికి సాగి, ఎక్కడెక్కడో పైకి తేలి, మళ్ళీ ఇక్కడికి రావాలంటే దాదాపు వెయ్యేళ్ళు. గ్రీన్‌లాండ్‌కూ ఐస్‌లాండ్‌కూ మధ్య డెన్మార్క్ జలసంధి దగ్గర ఈ చల్లని నీళ్ళు సముద్రగర్భంలోని గట్టు దాటి మూడు కిలోమీటర్లకు పైగా కిందికి జారతాయి. ప్రపంచంలో అతి పెద్ద జలపాతం అదే. చూడటానికి వీల్లేదు, నీళ్ళ కింద ఉంది.

26 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఈ ప్రవాహం మోసే వేడి, ప్రపంచంలోని మనుషులంతా వాడే మొత్తం ఇంధనశక్తికి దాదాపు అరవై రెట్లు. అది ఎటు పోతే వాతావరణం అటు ఒరగడంలో ఆశ్చర్యం లేదు.

దీన్నే గల్ఫ్ స్ట్రీమ్ అనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. గల్ఫ్ స్ట్రీమ్‌ను ప్రధానంగా నడిపేవి గాలులూ, భూభ్రమణమూ. గాలులు వీచినంతకాలం, భూమి తిరిగినంతకాలం అది ఏదో ఒక రూపంలో ఉంటుంది. ప్రమాదం దానికి కాదు. పైనుంచి అడుగుకు, అడుగు నుంచి పైకి జరిగే ఆ తిరుగుడుకు.

ఇప్పుడు ఈ మునిగే చోట మంచు కరిగిన నీళ్ళు పరుచుకున్నాయనుకుందాం. చల్లగా ఉన్నా ఉప్పు లేక తేలికగా ఉంటాయి కాబట్టి మునగవు. కింద ఉన్న ఉప్పునీళ్ళు పైకి వచ్చి చల్లబడే వీలు లేకుండా మూతలా కూర్చుంటాయి. ఈ మూత ఎలా పనిచేస్తుందో చూడటానికి అట్లాంటిక్ దాకా వెళ్ళక్కర్లేదు, మన ఇంటి పక్కనే ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, ఇరావతి, మహానది, గోదావరి కలిసి బంగాళాఖాతం మీద మంచినీళ్ళ పొర పరుస్తాయి. శీతాకాలంలో ఉత్తర బంగాళాఖాతంలో చాలా చోట్ల పైనీళ్ళు చల్లగా, వాటి కింద నీళ్ళు వెచ్చగా ఉంటాయి. చల్లనివి కిందికి దిగాలి కదా? దిగవు, వాటిలో ఉప్పు తక్కువ. అదే అక్షాంశంలో అటువైపున్న అరేబియా సముద్రంలో పెద్ద నదుల రాక తక్కువ, ఆవిరి పోయేది ఎక్కువ. అక్కడ ఉత్తర భాగంలో శీతాకాలం పైనీళ్ళు చల్లబడి దిగుతాయి, కింది నీళ్ళు పైకి వస్తాయి. ఒకే దేశానికి రెండు పక్కలా రెండు రకాల సముద్రాలుండటానికి ముఖ్యమైన కారణం ఉప్పే.

ఈ కథలో అన్నిటికన్నా చిక్కైన భాగాన్ని 1961లో అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త హెన్రీ స్టామెల్ రెండు పెట్టెల లెక్కతో చూపించారు. ఒక పెట్టెలో వెచ్చని ఉప్పునీళ్ళు, రెండోదాంట్లో చల్లని నీళ్ళు, మధ్యలో గొట్టం. అంత సాదా నమూనాలోనూ ప్రవాహానికి రెండు స్థిమితమైన స్థితులు కనిపించాయి. కారణం ఇది: ఉత్తరానికి ఉప్పును తెచ్చిపెట్టేది ఆ ప్రవాహమే. మంచినీళ్ళు కలిసి ప్రవాహం నెమ్మదిస్తే వచ్చే ఉప్పు తగ్గుతుంది. ఉప్పు తగ్గితే మునక తగ్గుతుంది, దాంతో ప్రవాహం మరింత నెమ్మదిస్తుంది. అప్పు తీర్చడానికి అప్పు చేసినవాడి పరిస్థితి. ఒక హద్దు వరకూ, మంచినీళ్ళు రావడం ఆగిపోతే ప్రవాహం కోలుకుంటుంది. ఆ హద్దు దాటాక బయటినుంచి తోసేవాళ్ళు లేకపోయినా తనంతట తానే కూలుతుంది, కారణం తొలగినా వెంటనే తిరిగి లేవదు. రెండు వేలల్లో ఒక వంతును పట్టించుకోవాల్సి రావడం ఇందుకే.

నిజం చెప్పాలంటే గ్రీన్‌లాండ్ ఒక్కటే దోషి కాదు. కరుగుతున్న సముద్రపు మంచు, ఉత్తరాన పెరుగుతున్న వర్షపాతం, సైబీరియా నదులు, అన్నీ మంచినీళ్ళు కలుపుతున్నాయి. మంచు సంగతి పక్కన పెట్టినా, సముద్రం పైభాగం వేడెక్కడం వల్లే మునక మందగిస్తుందని కంప్యూటర్ నమూనాలు చెబుతున్నాయి. పైగా గ్రీన్‌లాండ్ నీళ్ళలో చాలా భాగం తీరాన్ని అంటిపెట్టుకునే ప్రవాహాల్లో కొట్టుకుపోతుంది, మునిగే చోటికి నేరుగా చేరదు.

ఒకసారి జరిగింది

చివరి హిమయుగం ముగిసి భూమి వేడెక్కుతున్న రోజుల్లో, సుమారు 12,900 ఏళ్ళ క్రితం, ఉత్తర అట్లాంటిక్ ప్రాంతం అకస్మాత్తుగా మళ్ళీ చలిలోకి జారింది. ఆ చలి 11,700 ఏళ్ళ క్రితం దాకా ఉంది. చలిలో మాత్రమే పూసే డ్రయాస్ అనే చిన్న పువ్వు ఆనవాళ్ళు యూరప్ మట్టిపొరల్లో దొరకడంతో ఆ కాలానికి ‘యంగర్ డ్రయాస్’ అనే పేరు వచ్చింది. ఉత్తర అమెరికాను కప్పిన మంచు కరిగి ఏర్పడిన అగాసిజ్ లాంటి మహా సరస్సుల నీళ్ళు సముద్రంలోకి తెగిపడటమే కారణమని ఎక్కువమంది భావిస్తారు. ఏ దారిన పడ్డాయన్నదాని మీద మాత్రం వాదన ఇంకా తెగలేదు. ముగింపు మరీ ఆశ్చర్యం. గ్రీన్‌లాండ్‌లో కొన్ని దశాబ్దాల్లోనే పది డిగ్రీల దాకా వేడి పెరిగింది. వాతావరణం మెట్టు మెట్టుగా కాకుండా గెంతులు కూడా వేయగలదని శాస్త్రవేత్తలకు నేర్పింది గ్రీన్‌లాండ్ మంచులోంచి తవ్వితీసిన ఈ చరిత్రే. 8,200 ఏళ్ళ క్రితం సరస్సుల్లో మిగిలిన నీళ్ళు హడ్సన్ అఖాతం గుండా ఖాళీ అయినప్పుడు ఇలాంటిదే, కొంచెం చిన్నది, మరోసారి జరిగింది.

అప్పటికీ ఇప్పటికీ పోలిక పెట్టేటప్పుడు జాగ్రత్త అవసరం. అప్పుడు ఖండాల మీదున్న మంచు ఇప్పటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, నీళ్ళు తెగిపడిన తీరూ వేరు. పాత చరిత్ర చెప్పేది ఒక్కటే. ఈ యంత్రానికి ఆగడం వచ్చు. ఎప్పుడు ఆగుతుందో అది చెప్పదు.

కొలత ఎంత కష్టమో

ఏమాక్‌ను వరసగా కొలవడం 2004లో మొదలైంది. 26.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం వెంట బహామాస్ నుంచి ఆఫ్రికా ఒడ్డు దాకా, అడుగుకు లంగరు వేసిన తీగలకు పరికరాలు కట్టి చేస్తున్న ఆ ప్రయత్నానికి ‘ర్యాపిడ్’ అని పేరు. ఇరవై ఏళ్ళు దాటాయి. వెయ్యేళ్ళకు ఒక చుట్టు తిరిగేదాన్ని ఇరవై ఏళ్ళలో తేల్చేయడం కుదిరే పని కాదు. ఆ కాలంలో కనిపించిన ముఖ్యమైన లక్షణం ఊగిసలాట. 2009, 2010 మధ్య ప్రవాహం దాదాపు 30 శాతం పడిపోయి మళ్ళీ కోలుకుంది. ఆ కొద్ది నెలల్లోనే న్యూయార్క్‌కు ఉత్తరాన ఉన్న అమెరికా తీరంలో సముద్రమట్టం సుమారు పది సెంటీమీటర్లు లేచింది. ప్రవాహం నెమ్మదిస్తే ఏ తీరానికి మొదట తెలుస్తుందో అప్పుడు అర్థమైంది.

దానికన్నా వెనక్కి వెళ్ళాలంటే పరోక్ష సాక్ష్యాలే గతి. గ్రీన్‌లాండ్‌కు దక్షిణాన ఒక నీటి ముక్క ఉంది. గత శతాబ్దంలో సముద్రాలన్నీ వేడెక్కుతుంటే అది మాత్రం చల్లబడింది. వేడి తెచ్చే ప్రవాహం తగ్గిందనడానికి ఇదే గుర్తని చెప్పే పరిశోధకులు, 20వ శతాబ్దం మధ్యకాలం నుంచి ఏమాక్ సుమారు 15 శాతం బలహీనపడిందని 2018లో లెక్కకట్టారు. అందరూ ఒప్పుకోలేదు. ఆ చల్లదనానికి గాలుల మార్పూ, మేఘాలూ కారణం కావచ్చని వాదించేవాళ్ళున్నారు.

కొలతలు ఎంత సున్నితమో చెప్పే ఉదంతం ఒకటుంది. ఫ్లోరిడా జలసంధి అడుగున పాత టెలిఫోన్ కేబుల్ ఉంది. ఉప్పునీళ్ళు భూమి అయస్కాంత క్షేత్రంలో కదిలితే విద్యుత్ పీడనం పుడుతుంది కాబట్టి, ఆ కేబుల్‌లో వోల్టేజీ చూసి పైన ప్రవాహం ఎంతుందో 1982 నుంచి లెక్కిస్తున్నారు. ప్రవాహం నెమ్మదిస్తోందని ఆ లెక్క చెప్పేది. భూమి అయస్కాంత క్షేత్రమే మెల్లగా మారుతోందని, ఆ మార్పును లెక్కలోకి తీసుకుంటే నాలుగు దశాబ్దాలుగా అక్కడి ప్రవాహం దాదాపు నిలకడగా ఉందని 2024లో సవరించారు. ఏమాక్‌లో ఆ ప్రవాహం ఒక భాగమే అయినా, తగ్గుదల అంకెలను కొంచెం అనుమానంతో చూడటం ఇక్కడే నేర్చుకోవాలి.

బలహీనపడటం వేరు, ఆగిపోవడం వేరు. పత్రికల్లో ఈ రెండూ ఒకటైపోతున్నాయి. ఈ శతాబ్దంలో ఏమాక్ బలహీనపడటం దాదాపు ఖాయమని, వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2021 నివేదికలో చెప్పింది. 2100లోపు ఉన్నపళంగా కుప్పకూలదని కూడా చెప్పింది, ఆ మాట మీద తన నమ్మకం మధ్యస్థమేనని పక్కనే రాసుకుంది. 2023లో ఇద్దరు డెన్మార్క్ పరిశోధకులు సముద్ర ఉష్ణోగ్రతల గణాంకాలను బట్టి 2025, 2095 మధ్యే కూలవచ్చన్నారు. 2025లో వచ్చిన మరో అధ్యయనం ప్రకారం, దక్షిణ మహాసముద్రం మీది గాలులు అడుగు నీళ్ళను పైకి లాగుతూనే ఉంటాయి కాబట్టి తీవ్రమైన పరిస్థితుల్లోనూ నీరసించిన ఏమాక్ కొనసాగుతుంది. ఇందులో ఎవరిది తప్పు అని వెతకడం అనవసరం. డెన్మార్క్ వాళ్ళు లక్షణాలు చూసి రోగం చెప్పారు, 2025 అధ్యయనం చేసినవాళ్ళు లోపలి పనితీరు చూశారు. ఇబ్బంది మరోచోట ఉంది. ఐపీసీసీ ఆధారపడిన నమూనాల్లో ఎక్కువభాగం గ్రీన్‌లాండ్ మంచు కరిగి సముద్రంలో కలవడాన్ని లెక్కలోకే తీసుకోలేదు. చర్చంతా ఏ నీళ్ళ గురించో ఆ నీళ్ళే అందులో లేవు.

అటు చివర అంటార్కిటికా

ఉత్తరాన మునిగే నీళ్ళకు వచ్చినంత పేరు దక్షిణాన మునిగే వాటికి రాలేదు. నిజానికి మహాసముద్రాల అట్టడుగున ఉన్నవి ఎక్కువగా అంటార్కిటికా నీళ్ళే. అక్కడి పద్ధతి వేరు. ఖండం మీదనుంచి దూసుకొచ్చే చలిగాలులు తీరంలో ఏర్పడిన మంచును ఎప్పటికప్పుడు సముద్రంలోకి నెట్టేస్తాయి. ఖాళీ అయిన చోట మళ్ళీ నీళ్ళు గడ్డకడతాయి. గడ్డకట్టేటప్పుడు మంచు ఉప్పును బయటికి వదిలేస్తుంది, చుట్టూ ఉన్న నీళ్ళు చిక్కబడి అడుగుకు జారతాయి. వెడ్డెల్, రాస్ సముద్రాలు ఇందుకు పేరుపొందినవి. అంటార్కిటికాలో మన దేశపు పరిశోధన కేంద్రం భారతికి దగ్గరలోని ప్రిడ్జ్ అఖాతం కూడా అలాంటిదే.

ఈ నీళ్ళ ప్రవాహం ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న లోతుల్లో 1990ల నుంచి దాదాపు 30 శాతం తగ్గిందని 2023లో తేలింది. ఉద్గారాలు ఇలాగే పెరిగితే 2050కల్లా అంటార్కిటికా చుట్టూ ఈ మునక 40 శాతానికి పైగా తగ్గవచ్చని అదే ఏడాది మరో అధ్యయనం అంచనా వేసింది. ఇక్కడ మరో చిక్కు ఉంది. పశ్చిమ అంటార్కిటికాలో త్వెయిట్స్, పైన్ ఐలాండ్ లాంటి హిమానీనదాలను కరిగిస్తున్నది గాలి వేడి కన్నా, లోతునుంచి వాటి కిందికి చొరబడే గోరువెచ్చని సముద్రపు నీళ్ళు. కరిగిన మంచినీళ్ళు పైన మూత వేస్తే కింది వేడికి బయటికి పోయే దారి ఉండదు. అది మంచు అడుగునే చేరి ఇంకా కరిగిస్తుంది. మూత ఇంకా మందమవుతుంది.

అంతా ఒకే దారిలో పోతోందనుకోవడానికీ లేదు. 2015 తర్వాత దక్షిణ మహాసముద్రపు పైనీళ్ళలో ఉప్పు తగ్గకపోగా పెరిగిందని, సముద్రపు మంచు బాగా తగ్గడానికి దానికీ సంబంధం ఉందని 2025లో ఉపగ్రహ కొలతలు చూపించాయి. నమూనాలు దీన్ని ఊహించలేదు. ఈ సంగతి బయటపడగానే ‘దక్షిణ సముద్ర ప్రవాహం తిరగబడింది’ అని కొన్ని చోట్ల శీర్షికలు వచ్చాయి. పరిశోధన పత్రంలో ఆ మాట లేదు.

రుతుపవనాలకు దారి

భూమధ్యరేఖకు దగ్గర్లో ఒక వానల పట్టీ ఉంటుంది. రెండు అర్ధగోళాల్లో ఏది వెచ్చగా ఉంటే అది అటు జరుగుతుంది. మన నైరుతి రుతుపవనాలు కూడా ఆ జరుగుడులో భాగమే. ఏమాక్ దక్షిణార్ధగోళం నుంచి వేడిని లాగి ఉత్తరానికి ఇస్తుంది. అది తగ్గితే ఉత్తరం చల్లబడి, దక్షిణం వెచ్చబడి, వానల పట్టీ దక్షిణానికి ఒరుగుతుంది. ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణపు అంచునున్న సహెల్, భారతదేశం రెండూ ఎండే వైపున ఉంటాయి.

ఇది లెక్కల్లో మాత్రమే ఉన్న సంగతి కాదు, రాళ్ళలో రాసి ఉంది. మేఘాలయలోని మామ్‌లూ గుహలో నేలమీద నుంచి పెరిగిన సున్నపు స్తంభాలను పొరలు పొరలుగా పరీక్షిస్తే, యంగర్ డ్రయాస్ కాలంలో, అంతకు ముందు మంచుకొండలు గుంపులుగా అట్లాంటిక్‌లోకి తరలి కరిగిన కాలాల్లో, రుతుపవనాలు బలహీనపడ్డట్టు కనిపించింది. బొర్రా గుహలకు వెళ్ళినవాళ్ళు ఇలాంటి స్తంభాలు చూసే ఉంటారు. చుక్క చుక్కగా కారిన వానాకాలాల గుర్తులు ఆ పొరల్లో ఉంటాయి. కర్నూలు ప్రాంతంలోని వాల్మీకి గుహ నుంచి తీసిన స్తంభాన్ని హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు పరిశీలించి, హిమయుగం ముగుస్తున్న రోజుల్లో సుమారు వెయ్యేళ్ళ వానల ఎగుడుదిగుళ్ళను చదివారు. రాయలసీమ రాయికీ గ్రీన్‌లాండ్ మంచుకూ చుట్టరికం ఉందని ఎవరైనా అంటే అది కవిత్వం కాదు.

అలాగని రాబోయే దశాబ్దాల్లో మన వానలు తగ్గిపోతాయని రాసేయడం తొందరపాటు. వేడెక్కిన గాలి ఎక్కువ తేమ మోస్తుంది. ఆ కారణంగా ఈ శతాబ్దంలో భారత రుతుపవనాల వర్షపాతం మొత్తం మీద పెరుగుతుందనీ, కుండపోతలు ఎక్కువవుతాయనీ నమూనాలు చెబుతున్నాయి. ఏమాక్ బలహీనపడటం దీనికి ఎదురు దిశలో లాగుతుంది. రెండు చేతులు రెండు వైపులా లాగుతున్న తాడు ఇది. ఏమాక్ మెల్లగా తగ్గినంతకాలం వేడెక్కడానిదే పైచేయి కావచ్చు, పూర్తిగా కూలితే ఉత్తరార్ధగోళపు రుతుపవనాలకు తగిలే దెబ్బ పెద్దదిగా ఉంటుందని చాలా నమూనాల్లో వస్తోంది. రుతుపవనాల మీద ఇప్పుడు మన చేతిలో ఉన్న దీర్ఘకాలిక అంచనాలు కూడా ఎక్కువగా ఆ నమూనాల నుంచే వచ్చాయి, గ్రీన్‌లాండ్ నుంచి దిగుతున్న 3 లక్షల క్యూసెక్కులను లెక్కలో వేయని వాటి నుంచి. తర్వాతి తరం నమూనాల్లో కొన్ని మంచు ఫలకాలను కూడా సముద్రంతో జోడించే ప్రయత్నంలో ఉన్నాయి. అందులో తాడు ఎటు జరుగుతుందో చూడాలి.